అచ్చులో అదనంగా ఒక వాక్యం

"రూత్ లేచినంక గా కుర్సీల ఎవరు కూసున్నరు?" నడిపయ్య మూడోసారి అడిగాడు.

నెట్ సెంటర్ యజమాని శివ మూడోసారి కూడా అదే నవ్వు నవ్వాడు. "సార్, దుబాయ్ వీసా వచ్చిందా చూసుకునేటోళ్లు, హాల్ టికెట్లు తీసుకునేటోళ్లు, మస్కట్‌ల ఉన్న మొగనితోని మాట్లాడేటోళ్లు... దినమంత వస్తనే ఉంటరు. నేను అందరి మొఖాలు యాదికి పెట్టుకుంటనా?"

"అందరివి వద్దు. ఒక్కటి చాలు."

నడిపయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. కుడి మోకాలు పొద్దున్నుంచీ సలుపుతోంది. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా ఉండి, విసిగి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని ఆర్మూర్ బస్టాండ్ వెనక చిన్న గది అద్దెకు తీసుకున్నాడు. గల్ఫ్ ఏజెంట్లు ముంచిపోతే వాళ్లను వెతికిపెట్టడం ఇప్పుడతని వృత్తి. దొరికినవాడు ఏడుస్తాడు, దొరకనివాడు నవ్వుకుంటాడు, ఇతనికి మాత్రం ప్రతిసారీ కాళ్లనొప్పే మిగులుతుంది. కథలు దొంగిలించినవాణ్ని పట్టుకోమని ఒకరు తన దగ్గరికి వస్తారని ఏనాడూ అనుకోలేదు.

వచ్చింది రూత్. పగలంతా బీడీలు చుట్టి, సాయంత్రం ఈ నెట్ సెంటర్‌కు వచ్చి బ్లాగులో నవల రాసుకునేది. పేరు 'పచ్చి కొమ్ము'. పసుపు గోదాములో చనిపోయిన ఒక హమాలీ కథ. ఆ హమాలీ ఆమె సొంత అన్న సుకుమార్. రెండేళ్ల కిందట, పురుగు పట్టకుండా గ్యాస్ గోళీలు పెట్టిన గోదాములో శవమై దొరికాడు. తాగి, చల్లగా ఉంటుందని లోపలికి పోయి పడుకున్నాడనీ, అది ప్రమాదమనీ పోలీసులు తేల్చేశారు. రూత్ నమ్మలేదు. నమ్మనివాళ్లకు స్టేషన్లో కుర్చీ వేయరు కాబట్టి కథ రాయడం మొదలుపెట్టింది.

పద్నాలుగు భాగాలు బ్లాగులో పెట్టింది. అవే ఇప్పుడు ఒక వారపత్రికలో ఇంచుమించు అక్షరం పొల్లుపోకుండా వస్తున్నాయి. పేరు మాత్రం 'గోదాములో శవం' అని మారింది. రచయిత: రిటైర్డ్ సీఐ భూమేశ్వర్. సుకుమార్ చనిపోయినప్పుడు అది ప్రమాదమని తేల్చిన అధికారి ఆయనే.

అంతటితో ఊరుకోలేదు. రూతే తన నవలను ఎత్తిరాసిందని బ్లాగు కంపెనీకి ఫిర్యాదు చేశాడు. కంపెనీ ఆమె బ్లాగును మూసేసింది. ఈ సాయంత్రం ఐదింటికల్లా రుజువు చూపకపోతే నవల భూమేశ్వర్ పేరుతోనే పుస్తకంగా ప్రెస్సుకు పోతుందని పత్రిక ఎడిటర్ ఫోన్లో ఖరాఖండిగా చెప్పాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది.

"పదిహేనో భాగం రూత్ ఎవరికీ చూపలే," అన్నాడు నడిపయ్య. "రాసి, బయటపెట్టకుండ లోపలనే దాచిపెట్టింది. మొన్నటి పత్రికల అది కూడా అచ్చయింది. అంటే ఎవడో ఆమె బ్లాగు లోపలికే పోయిండు. ఎట్ల పోయిండు?"

శివ పక్కనే నిలబడ్డ రూత్ వైపు చూసి తల గోక్కున్నాడు. "చెల్లె ఏమీ అనుకోవద్దు. పాస్‌వర్డ్ కొట్టినప్పుడు కంప్యూటర్ గుర్తువెట్టుకోవాల్నా అని అడుగుతది. ఈమె రోజూ ఎస్ అనే కొట్టింది."

రూత్ ముఖం కందిపోయింది. "నాకేం ఎరుకన్నా! ఇంగ్లీషుల ఏదన్నా అడిగితే ఎస్ అనకపోతే బంద్ అయితదేమోనని భయం."

"మంచిగనే ఉన్నది," అన్నాడు నడిపయ్య. "ఇంటి తాళంచెవి తలుపుకే ఏలాడదీసి పోయినవన్నట్టు. శివా, జర సోంచాయించి చెప్పు. ఎవరు?"

శివ వీధిలోకి తొంగిచూసి, గొంతు తగ్గించాడు. "నా పేరు బయటికి రావద్దు సార్. సీఐ సారు అప్పుడప్పుడు వస్తడు. గా ఆఖరి క్యాబిన్లనే కూసుంటడు. పైసలియ్యడు. నేను అడగ."

ఇంత సులువుగా నోరు విప్పినందుకు నడిపయ్యకు కొంచెం వింతగానే అనిపించింది. కానీ ఉక్కపోతగా ఉంది, టైము లేదు. దొరికింది పట్టుకుని ముందుకు పోయాడు.

"ఆయన బ్లాగు తియ్యి."

భూమేశ్వర్ బ్లాగు తెర మీదికి వచ్చింది. నవల భాగాలన్నీ వరుసగా ఉన్నాయి. వాటి మీది తేదీలు రూత్ రాసిన తేదీలకన్నా మూడు నెలలు ముందున్నాయి. ఎడిటర్ నమ్మింది ఈ తేదీలనే.

"గీ తేదీలు మార్చొచ్చా?"

"బ్లాగు ఎవనిదో వాడు మార్చుకోవచ్చు సార్. ఈ దినం రాసి పోయిన సంవత్సరం రాసిన్నని పెట్టుకోవచ్చు."

"కింద చదివినోళ్లు రాసే కామెంట్లు? వాటి తేదీలు?"

శివ మౌస్ మీదినుంచి చేయి తీశాడు. "అవి మార్చరాదు. ఎప్పుడు రాస్తే గప్పటిదే పడతది."

నడిపయ్య కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. పదిహేను భాగాల కింద కలిపి కామెంట్లు నాలుగే నాలుగు. నాలుగూ గత నెలవే. నిరుటి నుంచి నడుస్తున్న సీరియల్‌ను పోయిన నెలదాకా ఒక్క మనిషి కూడా చదవలేదన్నమాట.

"నీ బ్లాగు కింద ఎన్ని వచ్చేటియి బిడ్డా?"

"లెక్క లేదు సారూ. మావోళ్లంత షార్జా క్యాంపులల్లనే కదా. శుక్రవారం ఒకడు పైకి చదివితే రూములున్నోళ్లంత ఇనేటోళ్లట. ఆలస్యమైతే తిట్టుకుంట రాసేది. కానీ బ్లాగే మూసేసిరి, ఇంక ఏం చూపియ్యాలె?"

"వాళ్లకు నీ భాగాలు ఎట్ల అందేటియి?"

"కొత్తది పెట్టంగనే ఈమెయిల్‌కు పోయేటట్టు శివన్ననే పెట్టిచ్చిండు..." రూత్ మాట మధ్యలో ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. "సారూ, ఆ మెయిళ్లు వాళ్ల దగ్గర ఉంటయి కదా!"

"బ్లాగు మూసేటోడు వాళ్ల మెయిల్ డబ్బాలు మూయలేడు," అన్నాడు నడిపయ్య. "ఫోన్ కొట్టు."

గంటలోపే షార్జా నుంచి ముప్కాల్ ఊరి కుర్రాడొకడు పద్నాలుగు మెయిళ్లూ తిరిగి పంపాడు. తేదీలతో సహా, ఒక్కటీ తప్పిపోకుండా. చివర్లో ఒక ముక్క రాశాడు: 'అక్కా, ఆ సీఐగాడు ఇటు వస్తే చెప్పు, మేం చూసుకుంటం.' రూత్ చాలా రోజుల తర్వాత నవ్వింది.

నడిపయ్య నవ్వలేదు. శివ ప్రింట్లు తీస్తుంటే వాటిని అందుకుని, వారపత్రికలతో పక్కపక్కన పెట్టి చదువుతున్నాడు. ఎవరైనా ఎత్తిరాస్తే ఏం తగ్గించారో కాదు, ఏం కలిపారో చూడాలన్నది అతని పాత అలవాటు. దొంగ వాంగ్మూలాలు చదివీ చదివీ వచ్చిన అలవాటది.

రెండో భాగం దగ్గర అతని వేలు ఆగింది.

రూత్ రాసింది ఇది: 'తలుపుకు బయట తాళం వేసి ఉంది. లోపల మనిషి ఉన్నాడని తాళానికి తెలియదు.'

పత్రికలో వచ్చింది ఇది: 'తలుపుకు తాళం లేదు, బయటి గడియ మాత్రం పెట్టి ఉంది. సందులన్నిటికీ బయటి నుంచి పాలిష్ పొట్టు తడిపి మెత్తి ఉంది. తొందరలో ఉన్నవాడి పని.'

నడిపయ్య ఆ రెండు కాగితాలనూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పా బిడ్డా, చాయ్ తాగుదాం," అని రూత్‌ను బయటికి తీసుకుపోయాడు.

చాయ్ బండి దగ్గర నిలబడి, మామూలుగా అడిగినట్టు అడిగాడు. "గోదాముల గ్యాస్ పెట్టినప్పుడు తలుపు సందులు ఏంతోని మూస్తరు?"

"ఎర్రమట్టి తోని. గ్యాస్ బయటికి పోకుండ మెత్తుతరు. మా అన్న గోర్లల్ల ఎప్పుడూ ఎర్రమట్టే ఉండేది. అన్నం తినేటప్పుడు మా అమ్మ తిట్టేది."

"పాలిష్ పొట్టు మెత్తుతరా?"

"పసుపు కొమ్ములు డ్రమ్ముల తిప్పితే రాలుతది, గా పొట్టా? అది ఎవరు మెత్తుతరు సారూ, ఆరితే పొరలు పొరలు లేస్తది." ఆమె కళ్లు చిన్నవి చేసింది. "ఎందుకు అడుగుతున్నరు?"

"ఊకెనే. పత్రికల రెండో భాగం నువ్వు చదివినవా?"

"మొదటిదే సగం చదివి పారేసిన. నా రాత ఆయన పేరు కింద చూడబుద్ధి కాలే."

చెప్పాల్సింది. చెప్పలేదు. ముందు కళ్లతో చూసి, తర్వాత చెబుదామనుకున్నాడు. పత్రికలో నవల మొదలైన నాటినుంచి నిద్రలేని పిల్లకు ఇంకో రాత్రి ఎందుకు చెడగొట్టాలనిపించింది.

"నువ్వు లోపలికి పోయి ఆ మెయిళ్లు ఎడిటర్‌కు పంపు. కామెంట్ల సంగతి కూడా రాయి. ఐదు దాటొద్దు. శివ సాయం చేస్తడు," అని ఆటో ఎక్కాడు.

*

హైవే పక్కన ఆ గోదాము ఇప్పుడు ఖాళీగా ఉంది. పసుపు సీజన్ ముగిసింది, మొక్కజొన్న ఇంకా రాలేదు. ఊడ్చే గంగవ్వ తలుపు తీసి పక్కకు నిలబడింది.

"అప్పటి తలుపులేనా ఇవి?"

"గవే బాపూ. రంగు గూడ వెయ్యలే."

ఇనుప రేకు కొట్టిన చెక్క తలుపులు. నడిపయ్య కింది నుంచి మొదలుపెట్టాడు. గడప శుభ్రంగా ఉంది. రెండు రెక్కలూ కలిసే చోట ఎర్రమట్టి చారలున్నాయి, కానీ అవి ఈ సంవత్సరానివి. కుడి చౌకట్టు మీద కూడా అదే మట్టి. ఎడమ చౌకట్టు కింది సగం ఎవరో కత్తితో గీకినట్టు చెక్క తెల్లగా లేచి ఉంది. గీకినవాడి చేయి అందినంత మేర గీకాడు. పైన?

ఒక స్టూలు అడిగి తెప్పించుకుని, మోకాలును తిట్టుకుంటూ ఎక్కాడు. పై మడతబందు వెనక వేలు పట్టనంత సందుంది. తాళంచెవి దూర్చి గీకాడు. ఎర్రమట్టి పొడి రాలింది. ఇంకా లోపలికి గీకాడు. గట్టిగా ఆరిన చిన్న బిళ్ల ఒకటి రుమాల్లో పడింది. గోధుమరంగు, విరిస్తే లోపల పసుపు. పొరలు పొరలుగా విడిపోయింది. వాసన చూడనక్కర్లేకపోయింది, కానీ చూశాడు.

ఇక సందేహం లేదు. ఆ రోజు తలుపు మూసింది బయటి నుంచి. హమాలీలు ఎర్రమట్టితో వచ్చేదాకా ఆగలేని మనిషి ఒక్కడే, చేతికి దొరికిన పొట్టును తడిపి మెత్తాడు. లోపల సుకుమార్ ఉన్నాడు. ఈ సంగతి పోలీసులు ఎవరికీ చెప్పలేదు. రూత్‌కు తెలియదు. పత్రికలో రాసినవాడికి మాత్రం తెలుసు.

"గంగవ్వా, అప్పుడు గోదాము సూపర్‌వైజర్ ఎవరు?"

ముసలామె చీపురు గట్టిగా పట్టుకుంది. "నన్ను అడగకు బాపూ. నాకు ఇంకొక్క బిడ్డ పెండ్లి ఉన్నది."

"అడగొద్దన్నది కదా నడిపన్నా, ఎందుకు సతాయిస్తున్నవ్?"

గొంతు వెనక నుంచి వచ్చింది. భూమేశ్వర్. తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, చేతిలో ఫోన్. గంగవ్వ చీపురుతో సహా వెళ్లిపోయింది.

నడిపయ్య నింపాదిగా స్టూలు దిగి రుమాలు జేబులో పెట్టుకున్నాడు. నిజామాబాద్‌లో ఈ మనిషి కింద ఐదేళ్లు పనిచేశాడు. నోరు అలవాటు ప్రకారమే పలికింది. "రాండ్రి సార్. కథలు రాసుడు మంచిగ నడుస్తున్నదా?"

"నీ ఆటో వెనకాలనే వచ్చిన. ఓ బీడీల పిల్ల కోసం ఈ ఎండల తిరుగుడు ఏందయ్యా? ఎంత ఇస్తుంది నీకు?"

"చాయ్ తాపిచ్చింది. పైసలు మాత్రం నేనే కట్టిన."

భూమేశ్వర్ నవ్వాడు. "తలుపులు చూసి ఏం సాధిస్తవ్? పత్రికోళ్లకు కావాల్సింది తేదీలు."

"తేదీలు దొరికినయి సార్. షార్జాల ఉన్నయి. మీ బ్లాగు నిరుడు పుట్టిందన్నరు, కామెంట్లేమో పోయిన నెల పుట్టినయి. బిడ్డ నిరుడు పుడితే, చూడనీకె చుట్టాలు పోయిన నెలదాక రాకుండుడు ఇదే చూసుడు."

భూమేశ్వర్ నవ్వు సగంలో ఆగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాల వెనక కళ్లు అలసిపోయి ఉన్నాయి. ఇద్దరూ ముసలివాళ్లయిపోయారని నడిపయ్యకు అప్పుడే తోచింది.

"సరే. బేరం మాట్లాడుకుందాం. ఫిర్యాదు వాపస్ తీసుకుంట. ఆమె బ్లాగు ఆమెకు వస్తది. పుస్తకం మీద ఆమె పేరే వేయిస్త. మస్తు పేరొస్తది పిల్లకు. ఒక్కటే షరతు."

"చెప్పుండ్రి."

"ఆఖరి భాగం ఆమె రాయొద్దు. నేను రాసిందే ఉండాలె. వాడు తాగి పడుకున్నడు, సచ్చిండు. కథ ఖతం."

నడిపయ్య ఇంతకాలం పేరు కోసం చేసిన దొంగతనమనుకున్నాడు. పేరు కోసం దొంగిలించినవాడు పేరును ఇంత సులువుగా వదులుకోడు. ఈ మనిషికి కావాల్సింది నవల కాదు. నవల ముగింపు.

"ఎడిటర్ కథ జర బలంగ రాయమన్నడా సార్?" అని అడిగాడు మెల్లగా. "పోలీసాయన కదా, స్పాట్ ఎట్లుంటదో మీరే కలపండ్రి అన్నడా?"

"ఏం అంటున్నవ్?"

"ముప్పై ఏండ్లు పంచనామాలు రాసిన చెయ్యి. కాపీ కొట్టేటప్పుడు కూడా తప్పు ఉంటే ఊకోలేదు. దిద్దింది."

భూమేశ్వర్‌కు అర్థం కాలేదు. నడిపయ్య అర్థమయ్యేలా చెప్పదలుచుకోలేదు కూడా. ఈ రుమాలు తీసుకుని నిజామాబాద్ ఎస్పీ ఆఫీసు చేరేదాకా ఆ విషయం జేబులోనే ఉండాలి.

ఇంతలో భూమేశ్వర్ ఫోన్ మోగింది.

"చెప్పండి ఎడిటర్ గారూ," అన్నాడు. విన్నాడు. "ఆమె పంపిందా? ఏం పంపింది... పక్కపక్కన పెట్టా? అన్ని భాగాలూనా?" ఇంకా విన్నాడు. "రెండో భాగంలో ఏముంది? నేను కలిపిన వాక్యమా? చదవండి."

అవతల ఎడిటర్ చదువుతున్నాడు. ఆ చిన్న ఫోన్లోంచి మాటలు వినపడలేదు. వినపడనక్కర్లేదు. భూమేశ్వర్ తల నెమ్మదిగా తిరిగి, చూపు పై మడతబందు మీద ఆగింది. అక్కడి నుంచి స్టూలు మీదికి, స్టూలు మీది నుంచి నడిపయ్య జేబులోకి దిగింది.

ఫోన్ పెట్టేశాడు. గడప మీద కూర్చున్నాడు.

"నేను మెత్తలే నడిపయ్యా," అన్నాడు. "నేను వచ్చేసరికి మెత్తి ఉన్నది. మెత్తిన సూపర్‌వైజర్ నా కాళ్లు పట్టుకున్నడు. వాడు రైతుల సంచులల్ల మంచి కొమ్ములు తీసి నాసిరకం కలుపుతుంటే సుకుమార్ చూసిండట, పొద్దుగాల గోదాము ఓనర్ పటేల్‌కు చెప్తనన్నడట. గందుకే. నేను గీకిచ్చిన. పైకి అందలే, వదిలేసిన. అప్పటిసంది వాడు నాకు ఇస్తనే ఉన్నడు."

"వాడు ఎవడు?"

"ఆ పిల్ల కంప్యూటర్ల గిదంత రాస్తున్నదని నాకు వచ్చి చెప్పింది గూడ వాడే. మొదలు వానికే భయమైంది. బ్లాగు మూయించుడు నా ఉపాయం, కాగితాలు తెచ్చిచ్చుడు వాని పని." భూమేశ్వర్ ముఖం ఎత్తాడు. "నా పేరు నీకు అల్కగనే చెప్పి ఉంటడు. నా పీడ వదిలిచ్చుకోనీకె. గోదాము నౌకరి ఇడిసిపెట్టి వాడు ఇప్పుడు ఏం నడుపుతున్నడో నీకు ఎరుకలేదా? పొద్దుగాల నుంచి వాని దుకాణంలనే కూసున్నవ్ కదా."

నడిపయ్య చేయి ఫోన్ కోసం తడుముకుంది. రూత్ నంబరు నొక్కితే, మూడు రింగులకు ఎత్తింది. గొంతులో సంతోషం పొంగుతోంది.

"సారూ! మీరు చెప్పినదానికంటె ఎక్కువనే చేసిన. రెండిట్ల తేడా ఉన్న ప్రతి వాక్యం ఎదురెదురుగ పెట్టి పంపిన. ఎడిటర్ ఫోన్ చేసిండు, నా పేరే వేస్తడట! ఇగ గదే అందరికీ కనబడేటట్టు నెట్ల పెడదామని కూసున్న. కానీ శివన్న ఒక మాట అంటున్నడు."

"ఏమంటున్నడు బిడ్డా?"

"రెండో భాగంల ఆ పొట్టు వాక్యం తీసేద్దామంటున్నడు. మంచిగ లేదంట. తీసెయ్యాల్నా సారూ? మీరు గూడ ఇందాక గదే అడిగినరు. అందులేమన్న ఉన్నదా?"

ఆమె పక్కనే మరో మనిషి ఊపిరి వినపడుతోంది. ఫోన్ దగ్గరికి చెవి పెట్టి వింటున్నాడు.

"ఏం లేదు బిడ్డా. శివ చెప్పినట్టే చెయ్యి. తీసెయ్," అన్నాడు నడిపయ్య, ఆటో వైపు పరుగెత్తుతూ. మోకాలు అడుగడుక్కూ విరుగుతున్నట్టుంది. "తీసేసి, జర బయటికి పోయి నాకోసం బస్టాండ్ కాడ నిలబడు. పని ఉన్నది. ఇప్పుడే పో."

"ఎట్ల పోత సారూ?" రూత్ నవ్వింది. "ఎండ కొడుతుందని శివన్న షట్టర్ దించిండు."